శ్రీ పాలిస్టరు ప్రభువుల దివ్యసన్నిధికి

సకల వస్త్రకుల సార్వభౌమా, ముడత అన్న మాట ఎరుగని ముఖారవిందా, చెమట చుక్కను ఒంటి గడప దాటనీయని ద్వారపాలకా, పట్టు చెల్లే చోట పట్టుగా, నూలు చెల్లే చోట నూలుగా, నార చెల్లే చోట నారగా, ఏ సభలో ఏ పేరుకు విలువుంటే ఆ పేరుతోనే వేంచేసే వినయసంపన్నా, పాలిస్టరు ప్రభూ! తిరుపతి గాంధీరోడ్డు మొదలుకొని చిత్తూరు బజారువీధి దాకా, చుట్టుపట్ల పుత్తూరు, నగరి, కాళహస్తి, పలమనేరు అంగళ్లలో అద్దాల వెనక బొమ్మల భుజాలమీద కొలువుదీరి, మా పెళ్లిళ్లను, మా తిరునాళ్లను, మా గంగజాతరలను, మా పిల్లల బడి యూనిఫాములను, చివరికి మా దేవుడి పేర ఇచ్చే శాలువాలను కూడా ఏలుబడిలోకి తెచ్చుకున్న తమరికి, తమరి ప్రజల్లో ఒకడినై ఈ స్తుతిమాల సమర్పించుకుంటున్నాను. వాడిపోయే పువ్వు తమరి సన్నిధికి తగదు కనుక ఇందులో గుచ్చినవన్నీ వాడని పువ్వులే.

తమరి జన్మవృత్తాంతం విన్నవారికి కృతజ్ఞత అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1941లో ఇంగ్లండు దేశంలో, నూలుగుడ్డల మీద అచ్చులు వేసి పొట్టపోసుకునే కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే సంస్థ ప్రయోగశాలలో, జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల చేతులమీద తమరు అవతరించారు. నూలు ఉప్పు తిన్న ఇంట్లో కన్ను తెరిచి, పెరిగి పెద్దయి, ఆ నూలునే ఇంటింటి బీరువాలోంచి సగౌరవంగా సాగనంపి, అది కూర్చున్న పీటమీద తామే ఆసీనులై, పుట్టినింటి రుణం ఇంత సంపూర్ణంగా తీర్చిన బిడ్డ వస్త్రలోకంలో మరొకరు లేరు. పత్తికి వాన కావాలి, ఎండ కావాలి, చేను కావాలి. పట్టుకు మల్బరీ ఆకు కావాలి, పురుగు ప్రాణం కావాలి. తమరికి భూగర్భంలోని ముడిచమురు, ఒక కర్మాగారం చాలు. పలమనేరు, కుప్పం పల్లెల్లో తెల్లవారకముందే లేచి మల్బరీ ఆకు కోసి, వేళ తప్పకుండా పురుగుకు మేత వేసి, జ్వరమొచ్చిన బిడ్డను చూసుకున్నట్టు గూడు కట్టేదాకా కాచుకునే రైతు పాట్లు చూసి తమరి జాలిగుండె తట్టుకోలేకపోయింది. అందుకే అతని పంట నిలబడవలసిన అంగట్లో తమరే నిలబడి, అతని పంట పేరు కూడా తామే మోస్తూ, అతనికి పూర్తి విశ్రాంతి కల్పించే మహత్కార్యానికి పూనుకున్నారు.

విష్ణుమూర్తికి వేయి నామాలని మా ఊరి వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. తమరి నామావళి విన్నాక ఆ గర్వం కాస్త తగ్గించుకోవలసి వస్తోంది. ఆర్ట్ సిల్కు, సెమీ సిల్కు, లిచీ సిల్కు, సాటిన్ సిల్కు, క్రేపు సిల్కు, సాఫ్ట్ సిల్కు, ఫ్యాన్సీ పట్టు, మినీ కంచి. ఇందులో కొన్ని అసలు పట్టు తన కోసం పెట్టుకున్న పేర్లు. సాఫ్ట్ సిల్కనీ క్రేపు సిల్కనీ పిలిపించుకోదగిన నిఖార్సయిన పట్టుచీరలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి ఆ పేరు ఒంటరిగా మోయడం బరువవుతుందని తమరు భుజం కలిపారు. పేరులో తోకలా సిల్కు అని తగిలించినంత మాత్రాన పట్టుపోగు ఒక్కటైనా ఉండాలన్న మొండి నియమం తమరి రాజ్యాంగంలో లేదు. అసలు పేరు చాటుకునే అహంకారం కూడా తమరికి లేదు. ఆ ఒక్క పేరును మాత్రం చొక్కా పక్కకుట్టు లోపల, చీటీ వెనక, ఆవగింజ కన్నా చిన్న అక్షరాల్లో, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చినవారి దృష్టి సోకకుండా దాచి ఉంచుతారు. మిల్లుబట్ట మీద ఏ నార ఎన్ని పాళ్లో కొనేవాడికి కనిపించేలా ముద్ర వేయాలని 1988లో కేంద్రం వస్త్ర వినియోగదారుల రక్షణకంటూ నిబంధన తెచ్చిందంటే, తమరి గుప్తదాన శీలం ఢిల్లీ దాకా పాకిందన్న మాట.

బడి యూనిఫాముల్లో తమరు చూపే ఉమ్మడి సంసార ధర్మం మరీ ఆదర్శప్రాయం. మా తండ్రుల కాలంలో టెరికాటన్ అన్న పేరుతో నూలు చెయ్యి పట్టుకుని నడిచారు. 67 పాళ్లు తామై, 33 పాళ్లు నూలుకు వదలడం ఆ పొత్తులో వాడుకగా సాగిన వాటా. పెద్దపీట తమరిది, పిలుపులో తోడు నూలుది. బడి అంగడివారు ఆ చొక్కాను చేతికిస్తూ కాటన్ అని మాత్రమే అన్నప్పుడు, తమ వాటా మొత్తం పొత్తుదారుడి పేర రాసిచ్చే తమరి ఔదార్యం చూసి మార్చి నెల ఎండలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల వీపులు ఆనందంతో తడిసి ముద్దవుతాయి.

ఇక దర్బారు సంగతి. పట్టపగలు వెయ్యి దీపాలు, నిలువెత్తు అద్దాలు, తెల్లపరుపులు, మంచుకొండ మీదినుంచి దిగివచ్చినట్టుండే ఏసీ చలి. ఆ చలిలో తమరిని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే హిమాలయాల్లో తపస్సు చేసుకుంటున్నంత హాయి. బయట ఎండలో తమరి నిజస్వరూపం దర్శించాలంటే బిల్లు కట్టి మెట్లు దిగేదాకా ఆగాలి. తొందరపడి గుణాలు చూపించుకోని నిగర్వులు తమరు. ఆ దీపాల కింద తమరి మెరుపు ఏ పక్కనుంచి చూసినా ఒకే తెలుపు, ఒకే తళుకు. పట్టుకు ఆ నిలకడ లేదు. దాని నిలువుపోగు ఒక రంగు, అడ్డపోగు ఒక రంగైతే అటు తిప్పితే ఒక ఛాయ, ఇటు తిప్పితే ఒక ఛాయ. వాకిట్లోకి తీసుకెళ్లి పగటి వెలుగులో చూస్తామని అడిగిన ఇల్లాలిని అంగడివాళ్లు వింతగా చూస్తే ఆశ్చర్యమేముంది? ప్రభువులను ఎండలో నిలబెట్టమనడం మర్యాదా?

తమరి ఆస్థాన కవి గద్దెమీద కూర్చున్న సేల్స్ కుర్రవాడు. అతని నోట వెలువడే స్తోత్రం నేను పోటీపడలేనిది. "ముట్టుకోండక్కా, వెన్న మాదిరి ఉంటాది. రంగు పోతే తెచ్చి ఈడనే పారెయ్యండి, వేరేది ఇస్తా. గంజి పన్లే, ఇస్త్రీ పన్లే, ఉతికి దండెం మీదేస్తే పది నిమిషాల్లో ఆరిపోతాది. ప్యూర్ సిల్కక్కా." ఇందులో మొదటి మాటలన్నీ అక్షరసత్యాలు. ముడత పడకపోవడం, గంజి అడగకపోవడం, క్షణంలో ఆరడం తమరి సొంత గుణాలు. పట్టుకు గానీ నూలుకు గానీ అవి కలలోనైనా లేవు. గుణాలు తమరివి, చివర అంటించిన పేరు మరొకరిది. స్తోత్రాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్న భక్తుడికి ఇంకే పరీక్షా అక్కరలేదు.

తమరి శుచివ్రతాన్ని లెక్కలతో కూడా నిరూపించవచ్చు. మామూలు గాలిలోంచి నూరు గ్రాముల నూలు సుమారు 8 గ్రాముల తేమ తాగుతుంది. పట్టు సుమారు 11 గ్రాములు తాగుతుంది. తమరు అర గ్రాము కూడా ముట్టరు. ఇంతటి నిరాహార దీక్ష ఏ మునీశ్వరుడికి సాధ్యం? రోహిణి కార్తెలో నలభై డిగ్రీలు దాటిన తిరుపతి ఎండలో తమరిని ధరించినవాడి చెమటను తమరు తాగరు, దారి ఇవ్వడానికీ ఇష్టపడరు. ఎవరి చెమట వారి ఒంటిమీదే భద్రంగా ఉండాలన్నది తమరి నీతి. చెమట పోయినా దాని వాసనను మాత్రం ఆత్మీయుల జ్ఞాపకంలా ఉతుకుల తరబడి గుండెల్లో దాచుకుంటారు. కొండమీద ఆర్జిత సేవలకు సంప్రదాయ దుస్తులు తప్పనిసరి కనుక, దూరదేశాల నుంచి వచ్చిన భక్తులు దిగిన చోటే పంచె, ఉత్తరీయం కొనుక్కుని వెళతారు. ఆ తొందరలో ఎవరు దొరుకుతారు? ఆపద్బాంధవులైన తమరే. నడుముకు చుట్టిన ప్రతిసారీ జారిపోయి భక్తుడికి నిలకడగల దృష్టిని అభ్యసింపజేస్తూ, క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంట్లలో గంటల తరబడి తోటివారి వేడినీ తన వేడినీ కలిపి ఒంటికి హత్తిస్తూ, దర్శనానికి ముందే తపస్సు ఫలాన్ని చేతికందిస్తారు.

అనుబంధంలో కూడా తమరికి సాటి లేదు. చలికాలపు పొడిగాలిలో కట్టుకున్న చీర కాళ్లకు అతుక్కుని, విదిలిస్తే చిటపటమని, వెంట్రుకల్ని పైకి లేపి, వీధిలోని దుమ్మునంతా బిడ్డల్లా దగ్గరికి లాక్కునే ప్రేమ నూలు చీరకు ఎక్కడిది? రెండు నెలలు వాడిన చొక్కా మోచేతుల దగ్గర, చంకల్లో తమరి పోగులు చిన్నచిన్న ఉండలై మొలకెత్తి, కొన్నవాడిని ఎన్నటికీ మరిచిపోలేదని పలకరిస్తాయి. ఇస్త్రీ బండి ఆయనకు తమరంటే ప్రత్యేకమైన భయభక్తులు. చొక్కా చేతికందగానే రెండు వేళ్లతో నలిపి, "ఇది పాలిస్టరన్నా, వేడి తక్కువ పెడతా" అంటాడు. నూలుకు పెట్టే వేడి పెడితే తమరు నిగనిగలాడుతూ ముడుచుకుని, పెట్టె ఆనవాలును శాసనంలా చిరకాలం నిలుపుకుంటారు. ఊరంతటిలోనూ తమరి అసలు పేరును మొగమాటం లేకుండా పలికే భక్తుడు ఆయనొక్కడే.

అగ్నిసాక్షిగా తమరు నిలబెట్టుకునే బంధం మాత్రం తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. వంటింట్లో పొయ్యి దగ్గర కొంగు అంటుకుంటే నూలు మండి బూడిదై రాలిపోతుంది. ఆపదలో విడిచిపెట్టి పోయే చుట్టం అది. తమరు అలా వదిలి వెళ్లే మనుషులు కారు. కరిగి, జిగురై, చర్మానికి అతుక్కుని, ఆసుపత్రిలో డాక్టరు చేతులు విడదీసేదాకా అంటిపెట్టుకుని ఉంటారు. దీపావళి రాత్రి పిల్లలకు నూలు గుడ్డలే తొడగండని ఏటేటా చెప్పే అగ్నిమాపక శాఖ వారికి తమరి ఆత్మీయత లోతు తెలిసినంతగా, ఆ రోజే కొత్త సాటిన్ గౌను తొడిగి కాకరపువ్వొత్తి చేతికిచ్చే తల్లిదండ్రులకు తెలియదు.

ఇంతటి ప్రభువును కూడా పరీక్షించే అవిశ్వాసులు మా జిల్లాలో కొందరున్నారు. వారి దుడుకుతనాన్ని తమరి దృష్టికి తేవడం నా ధర్మం. మొదట వాళ్లు చీర చెంగును గుప్పిట్లో నలిపి అరనిమిషం బిగించి వదులుతారు. నూలైతే గీతలు గీతలుగా ముడుచుకుని అవమానంతో తలదించుకుంటుంది. పట్టు కొద్దిగా నలిగి మెల్లగా తేరుకుంటుంది. తమరు మాత్రం జరిగిందేమీ ఎరగనట్టు చిరునవ్వుతో విప్పారుతారు. తరువాత వేలితో నీటిచుక్క పెడతారు. నూలు ఆబగా తాగేస్తుంది. తమరి మీద అది ముత్యంలా నిలిచి జారుతుంది. గంజి పెట్టిన కొత్త నూలు కూడా కాసేపు మొరాయిస్తుంది కనుక ఆ ఒక్క పరీక్షతోనే ఈ గడుసువాళ్లు తీర్పు చెప్పరు. చీర ఉంగరంలో దూరితే పట్టే అని నమ్మే అమాయకులే తమరికి నిజమైన భక్తులు. పల్చగా నేసిన తమరు కూడా ఉంగరంలోంచి సునాయాసంగా జారిపోతారని వారికి తెలియకపోవడం తమరి అదృష్టం.

అన్నిటికన్నా అమర్యాద అగ్నిపరీక్ష. కొంగు చివర వేలాడే పోగుల్లో నిలువుది ఒకటి, అడ్డంది ఒకటి విడిగా లాగి, అగ్గిపుల్ల గీసి అంచు తగిలిస్తారు. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన కంపుతో నెమ్మదిగా కాలి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే నల్లటి బూడిద మిగులుస్తుంది. తమరు మంటకు దూరంగా ముడుచుకుని, నల్లపొగ వదిలి, కరిగి బొట్టుగా జారి, చల్లారాక గోటితో నొక్కినా చితకని గట్టి పూసగా దర్శనమిస్తారు. ఇలా రత్నాన్ని పుట్టించడం నూలుకు గానీ పట్టుకు గానీ చేతకాదు. కాళహస్తిలో శివుడికి అల్లిక అల్లిన సాలెపురుగు, దీపం తగిలి తన పోగు కాలిపోతుంటే ఆ దీపాన్నే మింగబోయిందని స్థలపురాణం. దాని పోగు నిజమైనది కనుక కాలింది, అది కాలినందుకు అంత బాధపడింది. తమరి దారంతో అల్లి ఉంటే దానికి ఆ బాధా ఉండేది కాదు, మోక్షమూ వచ్చేది కాదు. రెండు పోగులూ కాల్చాలని పట్టుబట్టడం వెనక కూడా కుతర్కముంది. నిలువుకు పట్టు వేసి అడ్డానికి తమరిని వేసిన చీరలో ఒక పోగు వెంట్రుక వాసన ఇస్తుంది, మరొకటి పూస ఇస్తుంది. సగం నిజం పక్కన కూర్చున్నప్పుడే తమరి అందం రెట్టింపని ఈ పరీక్షకులకు ఎవరు చెప్పారో!

తమరి తోబుట్టువు వంటి రేయాన్ గురించి కూడా రెండు మాటలు మనవి చేయాలి. చెక్కగుజ్జులోంచి పుట్టిన ఆ మహనీయురాలు మంటలో నూలులాగే కాగితపు వాసనతో కాలి, అగ్నిపరీక్షలో నెగ్గుకొస్తుంది. కానీ ఒక పోగును తడిపి లాగితే పుటుక్కున తెగుతుంది. నూలు పోగు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. మంటలో గెలిచి నీటిలో ఓడడం తెలిసిన రేయాన్, మంటలోనే పూసగా బయటపడే తమరు, ఇద్దరూ కలిసి కొనుగోలుదారుకు అగ్నీ జలమూ రెండూ పరీక్షకు అవసరమని బోధిస్తున్నారు. జరీ విషయంలో కూడా తమరి హస్తం ఉంది. అసలు జరీ అంటే పట్టుపోగు చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత పెట్టినది. గోటితో గీకితే లోపల ఎర్రని పట్టుపోగు తొంగిచూస్తుంది. తమరి సన్నని రేకుకు లోహపు మెరుపు పూసి చుట్టిన జరీలో అలాంటి గుట్టు బయటపడే ప్రమాదం లేదు. అది తొలి ఉతుకు దాకా బంగారం కన్నా ఎక్కువగా మెరుస్తుంది.

కలంకారీ మీద తమరు చూపిన దయ మరో ఘట్టం. శ్రీకాళహస్తి కళాకారుడు నూలుగుడ్డను కరక్కాయ రసంలో, బర్రెపాలలో నానబెట్టి, ఆరబెట్టి, వెదురుకలం చేతబట్టి, బెల్లం, ఇనుము కలిపి పులియబెట్టిన నల్లని రంగుతో గీత గీసి, రంగు వేసిన ప్రతిసారీ ఉతికి, మళ్లీ రంగు వేసి, ఒక చీర పూర్తిచేయడానికి వారాలు తపిస్తాడు. ఆ రంగు గుడ్డ గుండెల్లోకి ఇంకి వెనక వైపుకు కూడా వస్తుంది. తమరు ఆ తపస్సును యంత్రం నోట్లో పెట్టి నిమిషాల్లో ముగించి, అదే నెమలి, అదే రామాయణ ఘట్టం తమ ముఖాన అచ్చు వేయించుకుని, వెనకవైపు మాత్రం వెలవెలబోతూ, పల్చని మచ్చలతో మిగులుతారు. ముఖం ముందుంటే చాలు, వెనక ఎవరు చూస్తారన్నది తమరి రాజనీతి.

ఇప్పుడు తమరి యశోగోపురానికి పైన నిలిచిన స్వర్ణకలశం దగ్గరికి వస్తున్నాను. తిరుమలలో దాతలకు, ప్రముఖులకు వేదాశీర్వచనం చేసి భుజాన కప్పే శాలువా ఉంది. మల్బరీ పట్టుతో నేయాలి, శంఖచక్రాలు, నామం ఉండాలి, ఓం నమో వేంకటేశాయ అని సంస్కృతంలోనూ తెలుగులోనూ రాసి ఉండాలి అన్నవి టెండరు షరతులు. ఆ పవిత్రకార్యానికి సుమారు పదేళ్లు, 2015 నుంచి 2025 దాకా, తమరు పట్టు పేరుతో కొండెక్కారని, అందుకు చెల్లించినది సుమారు 54 కోట్ల రూపాయలని 2025 డిసెంబరులో టీటీడీ విజిలెన్సు తేల్చింది. ఒక దఫాలో 15,000 శాలువాలకు ఒక్కొక్కటి 1,389 రూపాయలు. నమూనాలు బెంగళూరు, ధర్మవరంలోని కేంద్ర పట్టు మండలి ప్రయోగశాలలకు వెళితే, అక్కడి వారు రాజమర్యాదలేవీ పాటించకుండా పాలిస్టరు అని ఒక్క మాటలో రాసిచ్చారు. అసలు పట్టుకు ఉండవలసిన హోలోగ్రాము కూడా వాటిమీద లేదు. ధర్మకర్తల మండలి ఆ వ్యవహారాన్ని ఏసీబీకి అప్పగించింది. పదేళ్లపాటు వేదమంత్రాల మధ్య, పండితుల చేతులమీదుగా, ఎందరో పెద్దల భుజాలమీద నిలిచి, ఒక్కరి అనుమానానికీ గురికాకుండా, సాక్షాత్తు వేంకటేశ్వరుడి ఆశీస్సుగా చెలామణీ అయిన వస్త్రం చరిత్రలో తమరు తప్ప వేరొకరు కారు. ఆ శాలువా కప్పించుకుని కళ్లు చెమర్చి, ఇంటికి తీసుకెళ్లి దేవుడి అలమరలో దాచుకున్న దాత, ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల గీయాలని ఎందుకు అనుకుంటాడు? దేవుడిచ్చిన దాన్ని కాల్చి చూడరాదన్న ఆ భక్తినే తమరు సింహాసనం చేసుకున్నారు. తమరు ఏ సాలెల పని చేసినట్టు కొండమీద నిలిచారో ఆ సాలెలు మాత్రం ఏం చేస్తున్నారు? పద్మావతీదేవి తమ ఇంటి ఆడపడుచని చెప్పుకునే పద్మశాలీలు, ఆమె పెళ్లి జరిగిన నారాయణవనంలో, వెంకటగిరిలో, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, ఎండు కళ్లతో పోగులు అతుకుతూ, తమ పేరును తమ కన్నా బాగా అమ్ముకోగల తమరి నేర్పుకు నివాళులర్పిస్తున్నారు. బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏటా జోడు పంచెలు నేసే నేతగాళ్లు నియమనిష్ఠలతో మగ్గమెక్కుతారు. తమరికి నిష్ఠ అక్కరలేదు, ఇన్‌వాయిస్ చాలు.

దాన కర్ణులుగా తమరి కీర్తి చెప్పకుండా ఈ స్తుతి పూర్తికాదు. పెళ్లి పెట్టుబడి చీరగా తమరు ఒక ఇంట్లో అడుగుపెడితే, ఆ ఇంటి ఇల్లాలు మడత విప్పకుండానే మరో పెళ్లిలో బొట్టుపెట్టి ఇస్తుంది. అక్కడినుంచి సీమంతానికి, అక్కడినుంచి గృహప్రవేశానికి, ఆడబిడ్డ నుంచి తోడికోడలికి, తోడికోడలి నుంచి పనిమనిషికి, ఒంటిమీదికి ఎక్కకుండానే ఊరంతా తిరిగి రాగల సంచార యోగులు తమరు. ఎవరికీ కట్టుకోవాలనిపించదు, ఇవ్వడానికి మాత్రం అందరికీ చేతులు వస్తాయి. చివరికి చింకిపాతై చెత్తకుప్పకు చేరినా తమరికి మరణం లేదు. నూలు కొన్ని నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. తమరు తరతరాలు అలాగే నిలుస్తారు. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగుముక్కలను కాలువలోకి, కాలువలోంచి స్వర్ణముఖిలోకి, అక్కడినుంచి సముద్రం దాకా ప్రసాదంలా పంచిపెడతారు. ఇంతటి అమరత్వాన్ని గుర్తించే కాబోలు 2025 సెప్టెంబరు 22 నుంచి తమరి నారమీద ఉన్న 18 శాతం, దారంమీద ఉన్న 12 శాతం జీఎస్టీని ప్రభుత్వం 5 శాతానికి దించి తమరి రథానికి దారి మరింత సుగమం చేసింది.

ఇక ఫలశ్రుతి. ఈ స్తుతిని శ్రద్ధగా చదివి అంగడికి వెళ్లే పుణ్యాత్ములకు కొన్ని ఫలాలు కలుగుతాయి. వారు పట్టు అనే మాట వినగానే సిల్క్ మార్క్ చీటీ చూపమంటారు. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టిన ఆ చీటీమీద హోలోగ్రామూ సంఖ్యా ఉన్నాయో లేదో వెతుకుతారు. చేనేత అన్న మాట వినగానే హ్యాండ్లూమ్ మార్క్ అడుగుతారు. పక్కకుట్టు తిప్పి ఆవగింజ అక్షరాలు చదువుతారు. వేలాడే కొంగుపోగు ఒకటి ఇమ్మని నవ్వుతూ అడుగుతారు. ఆడిమాసపు తగ్గింపులో 1,200 రూపాయలకే కంచిపట్టు అన్న బోర్డు చూసి, ఆరు గజాల అసలు పట్టుకు పట్టుపోగు ధరే ఎంతవుతుందో ఆలోచిస్తారు. ప్రభువుల వారిని ప్రభువుల పేరుతోనే, ప్రభువుల ధరకే కొనుక్కుని, వానలో గొడుగు గుడ్డగా, ప్రయాణపు సంచీగా, ఆటగాళ్ల బనియనుగా సంతోషంగా వాడుకుంటారు. పాలిస్టరని చెప్పి అమ్మినప్పుడు తమరికి ఏ నిందా లేదు, ఏ స్తుతీ అక్కరలేదు.

కనుక తమరి దర్శనానికి వెళ్లే నా తోటి భక్తులకు ఒకటే మనవి. అంగట్లో నోటితో ప్యూర్ సిల్క్ అని ఎన్నిసార్లయినా చెబుతారు. ఆ రెండు మాటలనే బిల్లుమీద రాసి, ముద్ర వేసి ఇమ్మని అడగండి. అక్కడ కలం ఆగితే డబ్బు తిరిగి జేబులో పెట్టుకోండి.